బాడీ రోటిసరీ కొనేవారికి హెచ్చరిక: "టన్ను బరువు మోస్తుంది" అన్న మాట మీద కారు బాడీని ఎక్కించకండి

పాత కారు బాడీని తిప్పుకుంటూ పని చేసుకోవడానికి రోటిసరీ కొనాలనుకునేవారు డబ్బు చెల్లించే ముందు ఇది పూర్తిగా చదవాలని కోరుతున్నాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర నేను కొన్న రోటిసరీ, ప్రకటనలో చెప్పిన బరువులో సగం కూడా లేని ఖాళీ షెల్‌ను (ఇంజను, ఇతర భాగాలు తీసేసిన బాడీని) మోయలేకపోయింది. పక్కకు తిప్పి నిలిపిన బాడీ, లాక్ జారడంతో ఒక్కసారిగా తలకిందులైంది. ఆ కుదుపుకు ముందు స్టాండు చేయి వంగి, ముందు పిల్లరు (ముందు అద్దం పక్కన పైకప్పును మోసే నిలువు భాగం) పక్కనున్న పనిబల్లకు కొట్టుకుని సొట్టపడింది. తిరిగే దారిలో ఎవరూ లేరు కాబట్టి మనుషులకు ఏమీ కాలేదు. అమ్మినవారి పేరు నేను రాయడం లేదు. ఒక్క పేరును తప్పించుకున్నంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు, సరుకులోని లోపాలను గుర్తుపట్టగలిగితేనే తప్పుతుంది.

రోటిసరీ అంటే ముందొకటి, వెనకొకటి నిలబడే రెండు స్టాండ్లు. ఒక్కో స్టాండు పైభాగంలో తిరిగే స్పిండిల్ (ఇరుసు), దానికి బిగించిన చేతులు ఉంటాయి. ఆ చేతులను బంపర్ మౌంట్లకో, ఛాసిస్ కొసలకో బోల్టులతో బిగిస్తే బాడీ మొత్తం గాలిలో నిలిచి, కావలసిన కోణానికి తిరుగుతుంది. నేల రేకుల్లోనూ, సిల్స్‌లోనూ (తలుపుల కింద పొడవునా ఉండే భాగాల్లోనూ) తుప్పు పట్టిన భాగాలను కోసి కొత్తవి అతికేటప్పుడు, కారు కింద వెల్లకిలా పడుకుని నిప్పురవ్వలను మొహాన పడనిచ్చుకునే బదులు, నిలబడి కిందికి చూస్తూ వెల్డింగ్ చేసుకోవచ్చు. ఇంత మేలు చేసే సాధనం కాబట్టే, ఇందులో జరిగే మోసాన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

మొదటి లోపం ట్యూబు మందంలో ఉంది. ప్రకటనలో 75 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, 5 మిల్లీమీటర్ల గోడ మందం అని స్పష్టంగా రాశారు. కొసల్లో ఉన్న ప్లాస్టిక్ మూతలు తీసి వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిస్తే, పౌడర్ కోటింగ్‌ను (పైనున్న పొడి రంగు పూతను) కూడా కలుపుకుని, 3 మిల్లీమీటర్లకు కాస్త పైన మాత్రమే ఉంది. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ అదే కొలత చదరపు ట్యూబులో గోడ మందం 5 నుంచి 3 మిల్లీమీటర్లకు తగ్గితే, వంగకుండా తట్టుకునే శక్తి సుమారు మూడో వంతు పోతుంది. చేతుల సర్దుబాటు కోసం అదే ట్యూబుకు రంధ్రాలు కూడా వేస్తారు కాబట్టి ఆ చోట మిగిలే బలం మరింత తక్కువ. నా స్టాండు చేయి సరిగ్గా అలాంటి రంధ్రం దగ్గరే వంగింది.

మందాన్ని పెట్టె విప్పకముందే అంచనా వేసే మార్గం ఒకటి ఉంది, దీన్ని అందరూ వాడుకోవాలి. 75 మిల్లీమీటర్ల చదరపు ఉక్కు ట్యూబు 5 మిల్లీమీటర్ల మందంలో మీటరుకు సుమారు పదిన్నర కిలోలు తూగుతుంది. 3 మిల్లీమీటర్ల మందంలో సుమారు ఆరున్నర కిలోలే తూగుతుంది. రోటిసరీలో మొత్తం ఎన్ని మీటర్ల ట్యూబు వాడారో అమ్మకందారును అడిగి, రవాణా రసీదు మీద ఉన్న బరువుతో సరిచూడండి. చక్రాలు, పలకలు, జాక్‌ల బరువు కూడా కలిశాక లెక్క ఇంకా తక్కువగా తేలితే ఆ ఉక్కు చెప్పిన మందంలో లేదనే అర్థం. మొత్తం బరువును ముందుగా చెప్పడానికి నిరాకరించేవారి దగ్గర కొనకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక "టన్ను మోస్తుంది" అన్న మాట సంగతి. ఆ టన్ను ఒక్కో స్టాండుకా, రెంటికీ కలిపా? చేతులు లోపలికి మడిచినప్పుడా, పూర్తిగా చాచినప్పుడా? నిలువు స్తంభం మీద నేరుగా కూర్చున్న బరువుకా, దానికి దూరంగా వేలాడే బరువుకా? ఈ ప్రశ్నలకు నాకు రాతపూర్వకంగా ఒక్క జవాబూ రాలేదు. స్తంభం నుంచి మౌంట్ వరకు దూరం రెట్టింపైతే, అదే బరువు స్తంభాన్ని వంచే ప్రభావం కూడా రెట్టింపవుతుంది. ఏ స్థితిలో కొలిచారో చెప్పని సామర్థ్యపు సంఖ్యకు విలువ లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది లాక్. నేను కొన్నదానిలో స్పిండిల్ గొట్టాన్ని పక్కనుంచి అదిమే ఒకే ఒక బోల్టు ఉంది, అంతే. అంటే బాడీ నిలిచేది కేవలం రాపిడి మీద. ప్రకటనలోని ఫొటోలో గుండ్రటి పలక, దాని చుట్టూ రంధ్రాలు, వాటిలోకి దూరే పిన్ను కనిపించాయి. వచ్చిన సరుకులో అవేవీ లేవు. ఈ తేడా ఎంత పెద్దదో కొంచెం లెక్కతో చెబుతాను. బాడీ గరిమనాభి (బరువంతా ఒకే చోట ఉన్నట్టు లెక్కించే బిందువు) స్పిండిల్ అక్షం మీద సరిగ్గా ఉంటే ఒక చేత్తో తిప్పవచ్చు, ఏ కోణంలో వదిలినా అక్కడే నిలుస్తుంది. గరిమనాభి అక్షానికి పైన ఉంటే బాడీ తనంతట తానే తలకిందులు కావాలని చూస్తుంది. కింద ఉంటే లోలకంలా వెనక్కి వస్తుంది. 350 కిలోల షెల్‌లో ఈ తేడా కేవలం 5 సెంటీమీటర్లు ఉన్నా, బాడీని 90 డిగ్రీలు పక్కకు తిప్పినప్పుడు దాన్ని నిలిపి ఉంచడానికి మీటరు పొడవైన కడ్డీ కొసన పదిహేడున్నర కిలోల బరువంత బలం కావాలి. తేడా 10 సెంటీమీటర్లైతే 35 కిలోలు. లాక్ మీద ఒత్తిడి అత్యధికంగా ఉండేది ఆ 90 డిగ్రీల దగ్గరే, మనం నేల రేకుల ముందు నిలబడి పని చేసేదీ ఆ కోణంలోనే. అక్కడ సుత్తి దెబ్బలు, గ్రైండర్ కంపనం కూడా తోడైతే, రాపిడి మీద ఆధారపడిన బోల్టు నెమ్మదిగా వదులవుతుంది.

గరిమనాభిని అక్షానికి తేవాలంటే బాడీని స్పిండిల్‌తో పోలిస్తే పైకీ కిందికీ కొద్దికొద్దిగా జరిపే ఏర్పాటు ఉండాలి. మంచి రోటిసరీలలో దీనికి పొడవైన స్క్రూ గానీ, గాడి గానీ, దగ్గర దగ్గరగా వేసిన రంధ్రాలు గానీ ఉంటాయి. నాకు వచ్చినదానిలో దూరదూరంగా మూడే రంధ్రాలు ఉన్నాయి. ఒకదానిలో బాడీ పైబరువుగా, పక్కదానిలో కిందిబరువుగా ఉంటోంది, మధ్యలో ఆపే వీలే లేదు. పైగా ఒకసారి కుదిర్చిన సమతూకం పని సాగేకొద్దీ మారుతుంది. తుప్పు పట్టిన నేలను కోసి తీసేసిన రోజు ఒకలా, కొత్త రేకు అతికిన రోజు మరోలా ఉంటుంది. అందుకే రంధ్రాల పలక, పిన్ను ఉన్న లాక్ గానీ, తనంతట తాను వెనక్కి తిరగని వర్మ్ గేర్ ఏర్పాటు గానీ లేని రోటిసరీని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

బోల్టుల తలలను తప్పకుండా చూడండి. మెట్రిక్ బోల్టు తల మీద 8.8 అని ఉంటే దాని నామమాత్రపు తన్యతా బలం (లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలం) 800 మెగాపాస్కల్ అనీ, అందులో 80 శాతం దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందనీ అర్థం. నాకు పంపిన బోల్టుల తలలు నున్నగా, ఏ గుర్తూ లేకుండా ఉన్నాయి. చక్రాల విషయంలోనూ ఒక మాట: నేల సమతలంగా లేనప్పుడు నాలుగింటిలో మూడే బరువు మోస్తాయి, కాబట్టి ఒక్కో చక్రం సామర్థ్యాన్ని ఆ స్టాండు మీది బరువులో మూడో వంతుకు తగ్గకుండా చూసుకోవాలి.

"అన్ని కార్లకూ సరిపోతుంది" అన్న మాటను నమ్మడానికి లేదు. తొలితరం ఫోర్డ్ మస్టాంగ్ మోనోకాక్ బాడీ (విడి ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసేది) కాబట్టి ముందువైపు బిగించడానికి దృఢమైన పట్టీలు దొరుకుతాయి. 1967 నుంచి 1969 వరకు వచ్చిన షెవ్రొలె కమారోకు ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజనును మోసే విడి చట్రం) బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని విప్పాక రోటిసరీ ముందు బ్రాకెట్లు ఫైర్‌వాల్ (ఇంజను గదికీ, కూర్చునే చోటుకూ మధ్య గోడ) కింద ఉన్న సబ్‌ఫ్రేమ్ మౌంట్ల దాకా అందాలి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ బాడీని నేల పళ్లెం నుంచి వేరు చేస్తే అడుగు తెరుచుకునే ఉంటుంది. పైకప్పు లేని ఎమ్‌జీబీ రోడ్‌స్టర్‌లో బలమంతా సిల్స్‌లోనే ఉంటుంది కాబట్టి తలుపుల ఖాళీలకు అడ్డంగా బ్రేసింగ్ (ఊతంగా ఉక్కు కడ్డీలు) వెల్డ్ చేయకుండా ఎత్తితే షెల్ మధ్యలో కుంగుతుంది. మీ కారు నమూనా పేరు చెప్పి, దానికి సరిపడే బ్రాకెట్ల కొలతల చిత్రం అడగండి. నాకు చిత్రం బదులు "కావాలంటే రంధ్రాలు మీరే వేసుకోవచ్చు" అన్న సమాధానం వచ్చింది.

ఇంకో లోపం బిగించేదాకా బయటపడదు. నా వెనక స్టాండు స్తంభాన్ని పునాదికి లంబంగా వెల్డ్ చేయలేదు. దానివల్ల రెండు స్పిండిళ్లూ ఒకే సరళరేఖలోకి రావు. తిప్పిన ప్రతిసారీ ఆ వంకర భారం షెల్ మీద పడి దాన్ని మెలిపెడుతుంది. బాడీ ఎక్కించే ముందే ఖాళీ స్టాండ్లను ఎదురెదురుగా నిలిపి, రెండు స్పిండిళ్ల కేంద్రాల మధ్య దారం లాగి, ప్రతి స్పిండిల్ ఆ దారంతో ఒకే రేఖలో ఉందో లేదో చూడండి. వెల్డింగ్‌ను అద్దంతో, టార్చితో వెనకవైపు నుంచి కూడా పరిశీలించాలి. నాదానిలో కంటికి కనిపించే వైపు పూర్తి వెల్డ్, కనిపించని వైపు అక్కడక్కడ చుక్కలు మాత్రమే ఉన్నాయి, వాటి మీద దట్టంగా పౌడర్ కోటింగ్ వేశారు.

లోపాలను ఫొటోలతో సహా చూపినప్పుడు అమ్మకందారు మొదట కారు బరువు ఎక్కువన్నారు. షెల్‌ను తూచిన రసీదు పంపాక, బిగించడంలో లోపమన్నారు. పిన్ను లేని లాక్ గురించి అడిగితే ఫొటో "సూచన కోసం మాత్రమే" అన్నారు. చివరికి రవాణా ఖర్చు నేనే భరించి వెనక్కి పంపితే పరిశీలిస్తామన్నారు. ఇంత బరువైన సరుకుకు ఆ ఖర్చు ధరలో పెద్ద భాగమే అవుతుంది, కొనుగోలుదారు విసిగి వదిలేస్తాడన్నదే ఆ షరతు వెనక ఉన్న ఆలోచన. కాబట్టి లోపమున్న సరుకు వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో ముందే రాతలో తీసుకోండి. ఫిర్యాదు చేసే వీలున్న కార్డు చెల్లింపునే ఎంచుకోండి, పెట్టె విప్పుతున్నప్పుడు వీడియో తీయండి, ప్రకటన పేజీ మొత్తాన్ని కొన్న రోజే భద్రపరచుకోండి. నా ఫిర్యాదు తర్వాత ఆ ప్రకటనలోని లాక్ ఫొటోను మార్చేశారు; పాతది నా దగ్గర ఉండబట్టే కార్డు సంస్థ నా ఫిర్యాదును స్వీకరించింది.

ఇప్పటికే ఇలాంటి స్టాండు మీద బాడీ ఉన్నవారు దాని కిందికీ, తిరిగే దారిలోకీ వెళ్లకండి. బాడీని మామూలు నిలువు స్థితిలో ఉంచి, దృఢమైన భాగాల కింద దిమ్మలు గానీ జాక్ స్టాండ్లు గానీ అమర్చి, బరువు వాటి మీదికి వచ్చాకే ఏ బోల్టునైనా వదులు చేయండి. స్టాండును హైడ్రాలిక్ జాక్ ఎత్తి పట్టుకుని ఉంటే, సీలు కారినా బాడీ దిగకుండా ఆపే ఉక్కు పిన్ను స్తంభంలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ దిమ్మలను పని జరుగుతున్నంతకాలం తీయవద్దు. ఆ తర్వాత చేతులు, రంధ్రాల చుట్టుపక్కల, వెల్డింగ్ అంచుల వెంట పౌడర్ కోటింగ్‌లో సన్నని పగుళ్ల కోసం వెతకండి. కోటింగ్ పగిలిన చోట కింద ఉక్కు వంగి ఉండటమో, వెల్డ్ విడిపోతూ ఉండటమో జరిగి ఉండవచ్చు. ఆ భాగాన్ని వెల్డింగ్ తెలిసినవారికి చూపించి మార్చేంతవరకు బాడీని మళ్లీ ఎక్కించకండి.