ఐఆర్ మాస్టర్స్‌కి అప్లికేషన్లు: అమెరికా, బ్రిటన్, ఢిల్లీ... ఎక్కడికి ఎన్ని?

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీకి వెళ్లి ఇంటర్నేషనల్ రిలేషన్స్ (ఐఆర్) అని చెప్పినా, కంప్యూటర్ సైన్స్ పిల్లలకు వేసే లెక్కే వేసి ఇస్తారు: మూడు యాంబిషియస్, మూడు మోడరేట్, రెండు సేఫ్. ఎంఎస్‌కి ఆ లెక్క నడుస్తుంది. ఐఆర్‌లో మాత్రం సీటు వచ్చే అవకాశం ఒక్కటే చూస్తే సరిపోదు. డబ్బు ఎవరి ఖాతాలో ఉంది, చదువయ్యాక అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారు అనేవి కూడా చూడాలి. ఈ మూడింట్లోనూ నిలబడే పేరే సేఫ్.

అమెరికా సంగతే ముందు చూద్దాం, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. ఎంఎస్ వాళ్లకు దానిమీద వచ్చే 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్న కోర్సులకే. మామూలు ఐఆర్ డిగ్రీ ఆ జాబితాలో లేదు. పైగా ఐఆర్ స్కూళ్లు తమవాళ్లు చేరారని గొప్పగా చూపించే ఉద్యోగాల్లో విదేశాంగ శాఖ, రక్షణ శాఖలవి చాలా ఉంటాయి. అవి అమెరికా పౌరులకే. కాబట్టి ప్లేస్‌మెంట్ రిపోర్టు చూసేటప్పుడు ఫెడరల్ ఉద్యోగాలు తీసేసి మిగిలింది లెక్కపెట్టండి.

ఇంకో చిక్కు డిగ్రీ కాలం. మన మూడేళ్ల బీఏతో కలిపి చదువు 15 ఏళ్లే అవుతుంది, అక్కడ కొన్ని యూనివర్సిటీలు 16 అడుగుతాయి. బీటెక్ వాళ్లకు ఈ బాధ లేదు, కానీ వాళ్లను మైక్రో, మాక్రో ఎకనామిక్స్ చదివారా అని అడిగే కోర్సులున్నాయి. అమెరికాకు ఉన్న మేలు రెండేళ్ల కోర్సు. మధ్యలో వచ్చే వేసవిలో వాషింగ్టన్‌లోనో న్యూయార్క్‌లోనో ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. స్పాన్సర్‌గా మేనమామ ఉన్నా అభ్యంతరం లేదు.

బ్రిటన్‌లో ఆ మేనమామ పనికిరాడు. స్టూడెంట్ వీసాకు డబ్బు మీ ఖాతాలో గానీ అమ్మానాన్నల ఖాతాలో గానీ ఉండాలి, లేదా గుర్తింపున్న బ్యాంకు లోన్ కావాలి. బాబాయి ఖాతాలో కోటి ఉన్నా లెక్కలోకి రాదు. 2025 నవంబరు నుంచి లండన్‌లో ఖర్చులకు నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171 చొప్పున తొమ్మిది నెలలకు చూపించాలి. అంటే లండన్‌కు 13,761, బయట 10,539. కట్టాల్సిన ఫీజు దీనికి అదనం. ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు బ్యాలెన్స్ తగ్గినా వీసా పోయినట్టే. చూపించడానికని నాలుగు రోజులకు షో మనీ తెచ్చి వేసేవాళ్లు సాధారణంగా ఇక్కడే దొరికిపోతారు.

కోర్సు ఏడాదే కాబట్టి ఒక ఏడాది అద్దె, భోజనం మిగులుతాయి. ఇంటర్న్‌షిప్‌కి మాత్రం తీరిక ఉండదు, వేసవంతా డిసర్టేషనే. చదువయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా 2026 డిసెంబరు వరకు అప్లై చేసేవాళ్లకు రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలు. ఎలా చూసినా అమెరికా ఇచ్చే 12 నెలల కంటే నయం. ఎల్‌ఎస్‌ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) లాంటిచోట అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపుతారు కాబట్టి అక్టోబరు, నవంబరుల్లోనే పంపాలి. ఐదు యూనివర్సిటీలకే పంపాలన్న యూకాస్ (బ్రిటన్ ఉమ్మడి అడ్మిషన్ల సంస్థ) నియమం బ్యాచిలర్స్‌కే. మాస్టర్స్‌కి చాలావరకు నేరుగా యూనివర్సిటీకే అప్లై చేస్తారు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల ఉద్యోగ అనుభవం కావాలి, ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు.

జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్, పారిస్‌లో సియాన్స్ పో: రెండూ రెండేళ్లే, ఇంగ్లిష్‌లో చదవొచ్చు. ఐక్యరాజ్యసమితి వైపు చూసేవాళ్లు ఒకటి వేసుకోవాలి, ఫ్రెంచ్ మొదలుపెట్టాలి.

ఢిల్లీ దారిని మనవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు. జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో మొదలైంది. అక్కడి ట్యూషన్ ఫీజు నామమాత్రం. సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఒక్కటి రాస్తే జేఎన్‌యూ, పాండిచ్చేరి, మన గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్, అన్నిటికీ పనికొస్తుంది. కాకపోతే ఏ యూనివర్సిటీ ఏ పేపర్ కోడ్ అడుగుతోందో ఫారం నింపకముందే చూడాలి. కోడ్ తప్పితే మార్కులెన్ని వచ్చినా వృథా. సార్క్ దేశాల సౌత్ ఏషియన్ యూనివర్సిటీకి వేరే ప్రవేశం. లక్ష్యం ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) ఒక్కటే అయితే విదేశీ డిగ్రీకి అప్పు చేయడం దండగ: సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు, అందులో పీఎస్ఐఆర్ (పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్) ఆప్షనల్ 500 మార్కులది. అందుకు అశోక్‌నగర్ కోచింగ్ చాలు.

ఒక ఊహా ప్రొఫైల్ తీసుకుందాం. సిటీలో మూడేళ్ల బీఏ, 70 శాతం మార్కులు, ఉద్యోగం చేయలేదు, నాన్న పేరున ఒక ప్లాటు. మామూలుగా చేతికొచ్చే లిస్టు ఇలా ఉంటుంది: కొలంబియా, జార్జ్‌టౌన్, జాన్స్ హాప్కిన్స్, టఫ్ట్స్, ఎల్‌ఎస్‌ఈ, కింగ్స్ కాలేజ్ లండన్, ఆపైన పేరు వినని రెండు బ్రిటన్ యూనివర్సిటీలు. మొదటి నాలుగూ నాలుగు అవకాశాల్లా కనిపిస్తాయి గానీ నిజానికి ఒకటే. అనుభవం లేదు, ఎకనామిక్స్ లేదు అనే కారణంతో ఒకచోట కాదంటే మిగతా మూడుచోట్లా కాదనే అంటారు. చివరి రెండూ సేఫ్ అనే పేరుతో వస్తాయి, కన్సల్టెన్సీకి కమీషన్ వచ్చేది కూడా చాలాసార్లు వాటినుంచే.

అదే ప్రొఫైల్‌కి మేం వేసే లిస్టు: మూడేళ్ల డిగ్రీ ఒప్పుకుంటామని మెయిల్‌లో రాసిచ్చిన అమెరికా స్కూలు ఒకటి. లండన్‌లో ఎల్‌ఎస్‌ఈ, కింగ్స్‌లలో ఒకటి. లండన్ బయట రెండు. అందులో ఒకటి అబరిస్ట్‌విత్, ప్రపంచంలో మొదటి ఐఆర్ విభాగం 1919లో అక్కడే పెట్టారు, ఊరు చిన్నది, చూపించాల్సిన డబ్బూ తక్కువే. జెనీవా ఒకటి. సీయూఈటీ పీజీతో జేఎన్‌యూ, గచ్చిబౌలి. మొత్తం ఏడు. బీటెక్ చేసి రెండేళ్లు పనిచేసినవాళ్లయితే అమెరికావి రెండు చేసుకుని, లండన్ బయటివి ఒకటికి తగ్గించొచ్చు.

లిస్టు తేలాక మొదటి పని ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) రాయడం కాదు. పదో తరగతి మెమో, డిగ్రీ మెమో, పాస్‌పోర్టు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. డిగ్రీ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇప్పుడే యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో దరఖాస్తు పెట్టండి, ట్రాన్స్‌క్రిప్టులకూ అదే కిటికీ దగ్గర నిలబడాలి.