వార్డులోనా, ఓపీలోనా, మందుల షాపులోనా? ఉద్దానానికి క్లినికల్ ఫార్మసిస్టు ఎక్కడుంటే మేలు

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలోని మా మేనమామ ఇంట్లో మందులన్నీ గోడమేకుకు వేలాడే ఒక గుడ్డసంచిలో ఉంటాయి. కిందటి వేసవిలో ఊరు వెళ్లినప్పుడు ఆ సంచిని మంచం మీద బోర్లించి చూశాను. 11 రకాల మాత్రలు బయటపడ్డాయి. బరంపురం డాక్టరు రాసిన బీపీ మాత్ర ఒకటి, విశాఖ డాక్టరు రాసిన బీపీ మాత్ర ఒకటి. పేర్లు వేరు, రంగులు వేరు. లోపలి మందు మాత్రం ఒక్కటే, టెల్మిసార్టాన్. రెండోదానిలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కూడా కలిసి ఉంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లోని షాపులో చీటీ లేకుండా కొన్న డైక్లోఫెనాక్ ఉంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని చెబితే అదే షాపులో ఇచ్చిన ఇంకో మాత్ర ఉంది. ఆ కళ్లు తిరగడం బీపీ మందు రెండింతలు పడడం వల్ల కావచ్చునని ఎవరికీ తట్టలేదు. కిడ్నీ పనితీరు తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఆయనకు ఆర్నెల్లలో 1.9 నుంచి 2.6కు పెరిగింది.

నేను ఫార్మ్ డి చదివాను. కొన్నేళ్లుగా విశాఖలో ఒక ఆసుపత్రి వార్డుల్లో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఆ సంచిలో ఉన్న ప్రమాదం మాకు చదువుకునే రోజుల్లోనే చెప్పిన పాఠం. కిడ్నీ రక్తాన్ని వడపోయాలంటే లోపల తగినంత ఒత్తిడి ఉండాలి. నొప్పి మాత్ర లోపలికి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ జాతి మందు బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. మూత్రం పోయేలా చేసే మందు ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోత ఒత్తిడి పడిపోతుంది. ఉద్దానం ఎండల్లో జీడితోటలో పనిచేసి చెమటోడ్చే మనిషికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇక్కడ ఏ డాక్టరునూ తప్పుపట్టలేను. బరంపురం చీటీ దానికది సరైనదే, విశాఖ చీటీ కూడా సరైనదే. రెండు చీటీలనూ షాపులో కొన్న మాత్రలనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి మాత్రం ఎక్కడా లేరు. ఆ పని చేయడానికే చదువుకున్నవాళ్లు క్లినికల్ ఫార్మసిస్టులు. 2008లో భారత ఫార్మసీ మండలి ఆరేళ్ల ఫార్మ్ డి కోర్సును ప్రవేశపెట్టింది. ఐదేళ్లు చదువు, ఆఖరి ఏడాది ఆసుపత్రిలో శిక్షణ. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల గురించి వివరంగా చెప్పడాన్ని ఫార్మసిస్టు విధిగా పేర్కొన్నాయి. 2021 సవరణతో క్లినికల్ ఫార్మసిస్టు అన్న హోదా కూడా ఆ నిబంధనల్లో చేరింది. హోదా వచ్చింది సరే, కుర్చీ ఎక్కడ వేయాలన్నది తేలలేదు. నా తోటివాళ్లలో చాలామంది హైదరాబాదు కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు.

శ్రీకాకుళం జిల్లాకు అలాంటి కుర్చీలు నాలుగైదే వచ్చాయనుకుందాం. వాటిని పెద్దాసుపత్రి వార్డుల్లో వేయాలా, సోంపేట, కవిటి వంటి చోట్ల సామాజిక ఆరోగ్య కేంద్రాల ఓపీలో వేయాలా, లేక జనం రోజూ వెళ్లే మందుల షాపులకే ఆ బాధ్యత అప్పగించాలా? మూడు వాదనలూ విన్నాను, మూడింటిలోనూ సత్తా ఉంది. నా మొగ్గు ఎటన్నది దాచను కానీ, ముందుగా వార్డుకు దక్కాల్సిన న్యాయం వార్డుకు దక్కాలి.

వార్డులో ఫార్మసిస్టు ఉంటే మేలు జరుగుతుందనడానికి గట్టి రుజువు ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఐసీయూలో డాక్టర్లతో పాటు ఒక ఫార్మసిస్టు కూడా ఉదయం రౌండ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. మందులు రాయడంలోని పొరపాట్ల వల్ల జరిగే, నివారించగలిగే హాని మూడింట రెండు వంతులు తగ్గింది. ఆ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. నా అనుభవమూ అదే చెబుతుంది. కేస్‌షీట్ చేతిలో ఉంటుంది, ల్యాబ్ రిపోర్టు ఎదురుగా ఉంటుంది, డాక్టరు పక్కనే ఉంటారు. క్రియాటినిన్ పెరిగిన రోగికి యాంటీబయాటిక్ మోతాదు తగ్గించాలని చెబితే ఐదు నిమిషాల్లో మారుతుంది. పని జరిగినట్టు కళ్లకు కనిపిస్తుంది కాబట్టే వార్డు ఉద్యోగంలో తృప్తి ఎక్కువ.

కానీ ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి 130 కిలోమీటర్ల పైమాటే. అటు ఉత్తరాన ఉన్నవాళ్లకు ఒడిశాలోని బరంపురమే దగ్గర. జ్వరమో ఆయాసమో ముదిరితే తప్ప వార్డులో చేరరు. చేరినా నాలుగైదు రోజులు. మిగిలిన 360 రోజులూ మాత్రలు మింగేది ఇంట్లోనే. వార్డులో నేను సరిచేసిన చీటీతో రోగి గుమ్మం దాటాక ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఇంటికి చేరాక పాత సంచిలోని మాత్రలు కొత్త మాత్రలతో కలిసిపోతాయి. మా మామయ్య సంచి అలా నిండినదే.

షాపు వాదన దీనికి సరిగ్గా ఎదురు. నొప్పి మాత్ర చేతులు మారేది అక్కడే కాబట్టి ఆపగలిగేదీ అక్కడే. రోగి బస్సెక్కనక్కర్లేదు, కూలి పోగొట్టుకోనక్కర్లేదు, వరసలో నిలబడనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి ఏడు చిన్న జబ్బులకు ఫార్మసీలోనే పరీక్షించి మందు ఇచ్చే ఏర్పాటు నడుస్తోంది. మనకు ఎందుకు కుదరదని అడిగేవాళ్లు తరచూ దాన్నే చూపిస్తారు. అయితే అక్కడ ఫార్మసిస్టు రోగితో మాట్లాడినందుకు ప్రభుత్వం రుసుము చెల్లిస్తుంది, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా. మన షాపులో మందు అమ్మితేనే రాబడి. “ఈ మాత్ర మీకు వద్దు” అన్న మాటకు విలువ కట్టే ఏర్పాటు లేనిచోట ఆ మాట అనమని చెప్పడం, వ్యాపారిని తన గల్లాపెట్టెతోనే పోట్లాడమనడం. నాకు తెలిసిన షాపుల్లో అలా చెప్పేవాళ్లు లేకపోలేదు. ఉన్నవాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ జిల్లా ఆరోగ్యాన్ని కొందరి మంచితనం మీద నిలబెట్టలేం.

చట్టంలో లోటేమీ లేదు. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరొకరు చీటీకి మందు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డైక్లోఫెనాక్ మాత్ర చీటీ లేకుండా అమ్మకూడని మందుల పట్టికలోదే. కొన్ని యాంటీబయాటిక్స్‌కు 2014 మార్చి నుంచి ప్రత్యేక రిజిస్టరు కూడా రాయాలి. అయినా చాలాచోట్ల ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, ఆ మనిషి షాపులో ఉండరు. ఇంకో పెద్ద లోటు, షాపులో ల్యాబ్ రిపోర్టు ఉండదు. క్రియాటినిన్ ఎంతో తెలియకుండా ఉద్దానంలో ఏ మందు మోతాదునూ సరి చూడలేం. షుగరుకు అందరికీ ఇచ్చే మెట్‌ఫార్మిన్‌నే తీసుకోండి: కిడ్నీ వడపోత రేటు 45 కంటే పడిపోతే మోతాదు తగ్గించాలి, 30 కంటే పడిపోతే పూర్తిగా ఆపాలి. ఈ అంకెలు షాపు కౌంటరు దాకా రావు.

నేను మొగ్గేది ఓపీ వైపు. సామాజిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గదికి ఆనుకుని ఒక బల్ల, రెండు కుర్చీలు. బీపీ, షుగరు, కిడ్నీ రోగులు నెలనెలా మందులకు వచ్చే చోటు అది. క్రియాటినిన్ పరీక్ష అక్కడే జరుగుతుంది. వార్డులో ఉన్న రెండు బలాలు, అంటే డాక్టరూ రిపోర్టూ, ఇక్కడా ఉంటాయి. షాపుకున్న బలం, అంటే రోగి మళ్లీ మళ్లీ రావడం, అదీ ఉంటుంది. రోగి చేత సంచి తెప్పించుకోవాలి. మందుల చీటీ చదివితే డాక్టర్లు ఏం రాశారో తెలుస్తుంది, సంచి చూస్తేనే రోగి ఏం మింగుతున్నాడో తెలుస్తుంది.

సంచి విప్పినప్పుడు బయటపడేవి పెద్ద శాస్త్ర రహస్యాలేమీ కావు. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి కిడ్నీ రోగులకు ఇచ్చే మాత్రను అన్నంతో పాటు వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే దానివల్ల జరగాల్సిన పని జరగదు. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మనవాళ్లు అన్నీ ఒకే గుక్కలో మింగేస్తారు. ఇన్సులిన్ సీసాలు మన దేశంలో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నులో వేసేది 100 యూనిట్లది. సిరంజి మారితే మోతాదు రెండున్నర రెట్లు అటో ఇటో అవుతుంది. కొబ్బరినీళ్ల సంగతి చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంటుంది. పెరట్లో కొబ్బరిచెట్టు లేని ఇల్లు మా వైపు అరుదు. ఇంటికి వచ్చినవారికి బోండాం కొట్టి ఇవ్వడం మర్యాద. కానీ అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దెబ్బతిని, టెల్మిసార్టాన్ వాడుతూ ఉంటే ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. “చలవ చేస్తుంది కదమ్మా, అదీ వద్దంటావా?” అని మామయ్య అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రిపోర్టులో పొటాషియం అంకె చూసి, దాన్ని ఆయనకు చూపించి, అప్పుడు చెప్పాను. నమ్మారు. ఉత్త మాటగా చెబితే నమ్మేవారు కాదు.

రోగి దగ్గరికే ఫార్మసిస్టు వెళ్లడం వల్ల ఎంత తేడా వస్తుందో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒకసారి పరీక్షించి చూశారు. ఆసుపత్రికి సరిగా రాని నల్లజాతి పురుషుల కోసం 52 క్షౌరశాలల్లో అధ్యయనం జరిగింది. కొన్నింటికి ఫార్మసిస్టులు వెళ్లి బీపీ చూసి, మందులు రాసి, మార్చారు. మిగతావాటిలో మంగలే బీపీ గురించి చెప్పి, డాక్టరు దగ్గరకు వెళ్లమన్నాడు. ఆరు నెలల్లో మొదటి రకంలో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, రెండో రకంలో 9. 2018లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు షాపు పక్షంవాళ్లు సంతోషించారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ ఫార్మసిస్టులకు డాక్టర్లతో రాతపూర్వక ఒప్పందం ఉంది. ఏ మందు ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో ముందే రాసుకున్నారు. వాళ్లు రక్తపరీక్షలు కూడా చూశారు. ఆ ఒప్పందం లేకుండా కుర్చీ ఒక్కటే తీసుకెళ్లి ఊరి మధ్యలో వేస్తే, సలహా చెప్పే నోరు ఇంకొకటి పెరుగుతుందంతే.

డాక్టర్ల అభ్యంతరం నాకు తెలుసు. “మీరే రాస్తే మేమెందుకు?” అని ఒక పెద్ద డాక్టరు నన్ను ముఖం మీదే అడిగారు. ఇంగ్లండ్ ఫార్మసిస్టుల్లా స్వయంగా మందులు రాసే అధికారం నేను అడగడం లేదు. రోగనిర్ధారణ డాక్టరుదే. ఒకే మందు రెండు పేర్లతో ఉంటే ఒకటి ఆపించడం, నొప్పి మాత్ర కనిపిస్తే చీటీ మీద ఎర్ర సిరాతో రాసి డాక్టరుకు చూపించడం, క్రియాటినిన్ పెరిగితే తగ్గించాల్సిన మోతాదుల పట్టికను డాక్టరు సంతకంతో బల్ల మీద ఉంచుకోవడం: ఈ మూడింటికి అనుమతి చాలు. ఓపీలో గంటకు పదుల మందిని చూసే డాక్టరుకు సంచి విప్పే తీరిక ఎలాగూ ఉండదు. మందుల కిటికీ దగ్గర ఉండే ఫార్మసీ ఆఫీసరుకూ ఉండదు. వరస కదలకపోతే ఆయన మీదే కేకలు పడతాయి. కాబట్టి అదే మనిషికి ఇంకో పని తగిలించడం పరిష్కారం కాదు, వేరే పోస్టు కావాలి.

ఓపీకి కూడా ఒక లోటుంది, అది చిన్నది కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందిలో చప్పుడు లేకుండా ముదురుతుంది. కారణం ఇప్పటికీ స్పష్టంగా తేలలేదు. ఒంట్లో బాగున్నంతకాలం మనిషి ఓపీకి రాడు, నొప్పి మాత్ర వేసుకుని తోటలోకి వెళ్తాడు. ఆ మనిషిని ఓపీ బల్ల పట్టుకోలేదు. అతన్ని చూసేది ఊరి ఆశా కార్యకర్త, విలేజ్ క్లినిక్‌లోని ఆరోగ్య అధికారి. అందుకే వారంలో ఒక రోజు ఓపీ బల్ల వదిలి ఊరి క్లినిక్‌కు వెళ్లడం ఆ ఉద్యోగంలోనే భాగంగా రాయాలంటాను. ఇంకో రోజు డయాలసిస్ గదిలో. సోంపేటలోనో పలాసలోనో డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడు సార్లు వచ్చి నాలుగేసి గంటలు మంచం మీద పడుకుంటాడు. రోగితో తీరిగ్గా మాట్లాడడానికి అంతకంటే మంచి సమయం ఆసుపత్రిలో ఇంకెక్కడా దొరకదు.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రమూ 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. అక్కడ వార్డు ఫార్మసిస్టు ఉండాలి, నేను కాదనను. మందుల వల్ల కలిగే హానిని నమోదు చేసి ఘాజియాబాద్‌లోని జాతీయ కేంద్రానికి పంపే పని అలాంటిచోటే బాగా సాగుతుంది. కానీ ఉన్నవి నాలుగు కుర్చీలే అయితే, మూడు ఓపీల్లో వేసి ఒకటి పలాస వార్డులో వేస్తాను. షాపులకు కుర్చీ బదులు ఒక కాగితం ఇస్తాను. కిడ్నీ రోగి చీటీ మీద కొట్టడానికి ఒక ముద్ర తయారు చేయించి, దాని కింద అమ్మకూడని నొప్పి మాత్రల పేర్లు తెలుగులో అచ్చువేయించాలి. చదువు రాని షాపు కుర్రవాడికైనా ముద్ర కనిపిస్తుంది.

మామయ్య సంచిలో ఇప్పుడు ఏడు రకాలే ఉన్నాయి. రెండు చీటీలనూ విశాఖ డాక్టరు ముందు పెట్టాక ఆయనే ఒకటి కొట్టేశారు. నొప్పి మాత్ర ఆగింది, కళ్లు తిరగడం తగ్గింది, క్రియాటినిన్ 2.2 దగ్గర నిలిచింది. మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటున్నారు. పక్కింటి అప్పలనరసమ్మగారు మొన్న తన సంచి కూడా తీసుకొచ్చి అరుగు మీద పెట్టారట. నేను సంక్రాంతికి వస్తాను, అప్పటిదాకా దాన్ని విప్పి చూసేవాళ్లు ఆ మండలంలో లేరు.