పొదిగే పెట్ట బాగుంది, గుడ్లే బాగాలేవు

కావలి దగ్గర మా పక్క పల్లెలో నాటుకోళ్లు పెంచే ఒక రైతు పొదుగుడుకు వచ్చిన పెట్టను, 12 గుడ్లను కలిపి వెయ్యి రూపాయలకు ఇస్తారని తెలిసి, కరెంటు వేడితో గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ కొనే ఆలోచన మానుకొని మాఘమాసంలో తెచ్చుకున్నాను.

పెట్ట విషయంలో ఆయన చెప్పిందంతా నిజమైంది. పగలు చోటు మారిస్తే పొదగడం మానేస్తుందని చీకటి పడ్డాకే గంపలో పెట్టి ఇచ్చారు. రెండు రోజులు కొట్లో దొరికే ఫారం గుడ్లు వేసి, అది కుదురుగా కూర్చున్నాక రాత్రిపూట అసలు గుడ్లు మార్చమన్నారు. మా అమ్మ వరిగడ్డి మధ్యలో ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క కూడా పెట్టింది. ఉరుములకు గుడ్లు చెడకూడదట. మాఘంలో ఉరుములెక్కడివని అడిగినా వినలేదు. పెట్ట రోజుకొకసారి, పావుగంట మాత్రం దిగి, సజ్జలు తిని, నీళ్లు తాగి, బూడిదలో పొర్లి మళ్లీ ఎక్కేది. చెయ్యి చాపితే ఈకలు నిక్కబొడుచుకొని కుర్రుమనేది. ముక్కుతో ఒక్కొక్క గుడ్డునూ పొట్ట కిందికి లాక్కుంటూ తిప్పుకొనే ఆ పనిని చూశాక, కరెంటు పోతే 37.5 డిగ్రీల వేడి ఎలా నిలపాలన్న బెంగ నాకు మళ్లీ రాలేదు.

అసంతృప్తి అంతా గుడ్ల దగ్గరే. నాలుగు రోజుల లోపు పెట్టినవే అన్నారు. ఏడో రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద ఆనించి చూస్తే తొమ్మిదింటిలో పిల్ల ఎదుగుతోందనడానికి గుర్తుగా సాలెగూడులా ఎర్రని నరాలు కనిపించాయి. మూడు మాత్రం ఏమీ లేకుండా తేటగా ఉన్నాయి. వాటి మొద్దు కొసన గాలి గది మిగతావాటికంటే పెద్దదిగా ఉండటంతో నిల్వ గుడ్లేమోనని అనుమానించి ఫోన్ చేస్తే, "కోడి సరిగా పొదగలేదేమోన్నా" అంటూ తాను అమ్మిన పెట్ట మీదే తప్పు నెట్టారు. గుడ్లు మార్చి ఇవ్వలేదు.

21వ రోజున ఎనిమిది పిల్లలు వచ్చాయి. ఒకటి పెంకు పగలగొట్టలేక లోపలే పోయింది. నూకలు చల్లితే తల్లి తాను తినకుండా ముక్కుతో చూపి పిల్లలను పిలిచేది. గద్ద నీడ పడగానే అది చేసే చప్పుడుకు ఎనిమిదీ రెక్కల కిందికి దూరేవి. పిల్లలకు వారం వయసు వచ్చేసరికి కొక్కెర తెగులు టీకా చుక్కలు వేయించాలని మాత్రం ఆ రైతు చెప్పలేదు; పశువుల ఆసుపత్రిలో తెలుసుకొని వేయించాను.

పెట్టను మళ్లీ ఆయన దగ్గరే కొంటాను. గుడ్లు మాత్రం మా వీధిలో పుంజు తిరిగే ఇంట్లో, పెట్టిన తేదీ పెంకు మీద పెన్సిలుతో రాయించుకొని తీసుకుంటాను.