మంత్రమా, యంత్రమా, రెండూనా? మూడు కాలాల హైదరాబాద్ కథకు ఏది మేలు

మంత్రాలూ యంత్రాలూ కలిపి, రెండు మూడు కాలాల మధ్య తిరిగే సాహస కథలు రాయాలని ఉబలాటపడేవాళ్ళు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. పగలు మాదాపూర్‌లో కోడ్ రాసి, రాత్రి కథ రాసుకునే కుర్రాళ్ళు కొందరు నాకు తమ రాతప్రతులు పంపుతుంటారు. ఊహకు కొదవ లేదు. తడబాటు మాత్రం దాదాపు అందరిదీ ఒకే చోట. మొదటి అధ్యాయంలో మంత్రం పనిచేస్తుంది. ఐదో అధ్యాయంలో అదే పని యంత్రం చేస్తుంది. పదో అధ్యాయానికి వచ్చేసరికి ఏది ఎందుకు పనిచేస్తోందో, ఏది ఎందుకు ఆగిపోయిందో పాఠకుడికి అంతుపట్టదు. అంతుపట్టనప్పుడు టెన్షన్ ఉండదు. టెన్షన్ లేని సాహస కథను ఎవరూ చివరిదాకా చదవరు.

కలం పట్టకముందే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మాయకూ టెక్నాలజీకీ ఉన్న సంబంధం ఏమిటన్నది ఒకటి. కాలం ఒకే దారిలో నడుస్తుందా, కొమ్మలుగా చీలుతుందా, చక్రంలా తిరుగుతుందా అన్నది రెండోది. ఉత్తినే పోల్చితే ఏదైనా బాగానే కనిపిస్తుంది. అందుకే మన ఊళ్ళో నిజంగా జరిగిన ఒక సంఘటన మీద పెట్టి చూద్దాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వచ్చి మూసీకి హారతి పట్టాడని, చీర, ముత్యాలు సమర్పించాడని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆయన పేరు తలిస్తే పాము విషం దిగిపోతుందని నమ్మినవాళ్ళూ ఉండేవారు. మరుసటి ఏడాది ఆయన ప్రభుత్వమే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఆలోచనల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఫలక్‌నుమా వైపు ఒక నవాబు సొంతంగా పెట్టుకున్న నిజామియా వేధశాల ప్రభుత్వం చేతికి వచ్చింది కూడా 1908లోనే. హారతి పట్టిన రాజే ఇంజినీరును పిలిచాడు, టెలిస్కోపునూ పోషించాడు. సైన్స్ ఫాంటసీ రాసేవాడికి ఇంతకంటే చేతికందిన సరుకు ఏ ఊళ్ళో దొరుకుతుంది!

ఈ వరద చుట్టూ ఒక కథ అనుకుందాం. 2071లో మూసీ నీటి లెక్కలు చూసే ఒక అమ్మాయి. 1687లో గోల్కొండ కోట మీద కాపలా కాసే ఒక ముసలాయన. ఇద్దరికీ మధ్యలో 1908.

మొదటి పద్ధతి: మాయ అంతా సైన్సేనని చెప్పేయడం. మనవాళ్ళు ఎక్కువగా ఎంచుకునేది ఇదే. బాగా ముందుకెళ్ళిన టెక్నాలజీకీ మాయకూ తేడా తెలియదన్న ఆర్థర్ సి. క్లార్క్ మాట దీనికి ఆధారం. 1957 నాటి మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైంది వాళ్ళకు కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఇవాళ చూసేవాళ్ళకు అది వీడియో కాల్‌లా అనిపించడం సహజం. ఈ పద్ధతిలో గట్టిదనం ఉంది. అన్నిటికీ ఒకటే సూత్రం, కథలో చిక్కుముళ్ళు తక్కువ, చివర్లో అసలు రహస్యం బయటపడినప్పుడు ఓహో అనిపిస్తుంది. కథంతా ఒకే కాలంలో నడిస్తే ఇది చక్కగా సరిపోతుంది.

రెండు మూడు కాలాల్లోకి వెళ్ళగానే ఇదే పద్ధతి దెబ్బతీస్తుంది. టెక్నాలజీ కాలంతోపాటు పెరిగేది. మాయ కూడా టెక్నాలజీయే అయితే 2071 వాళ్ళది ఎప్పుడూ పైచేయి, 1687 వాళ్ళది ఎప్పుడూ చేతకానితనం. కోట మీది ముసలాయనకు వచ్చిన మంత్రం, ఎవరో భవిష్యత్తు నుంచి వచ్చి పడేసిపోయిన పరికరం అయిపోతుంది. నిజాం హారతి రిమోట్ నొక్కడంతో సమానం అవుతుంది. పాతకాలపు మనిషి కొత్తకాలపు మనిషికి ఇవ్వగలిగింది ఏమీ మిగలదు. అప్పుడు వెనక్కి వెళ్ళడం దేనికి? ఇన్ని కాలాలు కథలోకి తేవడమే దండగ. ఈ పద్ధతిలో నాకు కనిపించే అసలు లోపం ఇది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

రెండో పద్ధతి: యంత్రంలోనే మంత్రాన్ని ఇమిడ్చడం. తాయెత్తు బ్యాటరీలా పనిచేస్తుంది, శ్లోకం పాస్‌వర్డ్ అవుతుంది, రథానికి ఇంజిన్ ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది కాబట్టి సినిమాకూ బొమ్మల కథకూ గేమ్‌కూ పనికొస్తుంది. నవలకు మాత్రం నేను వద్దంటాను. మంత్రానికి ఉన్న కొరతను యంత్రం తీరుస్తుంది, యంత్రానికి ఉన్న కొరతను మంత్రం తీరుస్తుంది. చివరికి హీరోకు కొరత అన్నదే ఉండదు. 1908లో వరద ముంచుకొస్తుంటే తాయెత్తు యంత్రం తీసి నీళ్ళు ఆపేస్తే అధ్యాయం పేజీన్నరలో ముగుస్తుంది.

మూడోది నేను గట్టిగా నిలబడే పద్ధతి. మాయకు మాయ నియమాలు, యంత్రానికి యంత్ర నియమాలు. రెండూ విడివిడిగా ఉండాలి, ఒకే ఒక్క చోట కలవాలి. మాయ అంటే ఏదైనా జరగొచ్చు అనుకునేవాళ్ళు మన పాత కథలను సరిగా గమనించలేదు. విక్రమార్కుడు నోరు విప్పితే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును కత్తితో చంపలేరు. ఏడు సముద్రాల అవతలి చిలకను పట్టుకోవాలి. ఆ కథలు ఇన్నేళ్ళు నిలిచాయంటే వాటిలో మాయకు అంత కచ్చితమైన హద్దు ఉండబట్టే. ఆ కచ్చితత్వం సైన్స్‌కు శత్రువు కాదు. పక్కపక్కనే హాయిగా ఉండగలదు.

మన కథలో ఆ రెండూ కలిసే చోటు గోల్కొండ ఫతే దర్వాజా. ఆ గుమ్మటం కింద చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కోట చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు గైడ్లు ఇవాళ్టికీ చేసి చూపిస్తారు. అది కట్టడంలోని నేర్పు, అందులో మంత్రమేమీ లేదు. 2071 అమ్మాయి దగ్గరున్న పరికరం ఆ శబ్దం ఏ క్షణంలో ఎక్కడ తగులుతుందో లెక్క కట్టగలదు, కాలాన్ని దాటించలేదు. 1687లో, ఔరంగజేబు ముట్టడి నెలల తరబడి సాగుతుండగా, పైన కూర్చున్న ముసలాయనకు కాలం దాటించే మంత్రం వచ్చు. కానీ ఏ క్షణంలో చదవాలో తెలియదు. ఆమె లెక్క, ఆయన మంత్రం ఒకే చప్పుడు మీద కలవాలి. కలిసినప్పుడు ఇలా ఉంటుంది:

చప్పట్లు మోగాయి. ప్రతిధ్వని తగ్గేలోపే పైనుంచి గొంతు వినిపించింది.

“ఎవరు బిడ్డా నువ్వు?”

“తాతా, ఎక్కువసేపు లేదు. చెప్పేది విను. కోట గోడ కూలదు. తలుపు లోపలివాళ్ళే తీస్తారు.”

“నా బిడ్డ కోటలోనే ఉంది తల్లీ. దాన్ని ఏ దిక్కు పంపాలె?”

“ఆమె పేరు చెప్పు, రికార్డుల్లో వెతుకుతా.”

పైన చాలాసేపు చడీచప్పుడు లేదు. ఆమె మళ్ళీ చప్పట్లు కొట్టింది.

“ఎవరు బిడ్డా నువ్వు?” అని ముసలాయన మొదటిసారి అడుగుతున్నట్టే అడిగాడు.

మంత్రం చదివిన ప్రతిసారీ ఆయనకు ఒక జ్ఞాపకం పోతుంది. ఈసారి కూతురి పేరూ, ఇప్పటిదాకా జరిగిన మాటలూ పోయాయి. ఆ వెల ఎంతో పాఠకుడికి ముందే తెలిసి ఉంటే ఈ నాలుగు మాటలకు గుండె పట్టేస్తుంది. యంత్రానికీ వెల ఉండాలి, అయితే అది వేరే రకం వెల కావాలి. మాయ మనిషి లోపల నుంచి తీసుకుంటుంది. యంత్రం కరెంటు, సమయం, డబ్బు, పక్కవాళ్ళ శ్రమ అడుగుతుంది. రెండూ ఒకే వెల అడిగాయంటే మీరు మళ్ళీ మొదటి పద్ధతిలోకి జారిపోయినట్టే. ఈ పద్ధతిలో ఇంకో మంచి విషయం ఏమిటంటే, 1687కూ 2071కూ ఒకరి అవసరం ఒకరికి ఉంటుంది. ఎవరూ ఎవరికీ దాసులు కారు.

కష్టమూ ఉంది. రెండు రకాల నియమాలను పాఠకుడికి నేర్పాలి, అదీ అవసరం పడకముందే నేర్పాలి. మంత్రం పరిమితి ఆపద వచ్చాక చెబితే అది రచయిత తప్పించుకునే దారిలా కనిపిస్తుంది. అందుకే మొదటి యాభై పేజీల్లోనే ప్రతి నియమమూ ఒకసారైనా పనిచేస్తూ కనపడాలి.

ఇక కాలం సంగతి. యంత్రం ఒక్కటే ఉన్న కథలో లెక్క తేలిక. 1991 నాటి ఆదిత్య 369లో టైమ్ మెషిన్ కృష్ణదేవరాయల కాలానికీ, 2504కీ వెళ్తుంది, దారి ఒక్కటే. మాయ కూడా చేరితే ఎంపిక జాగ్రత్తగా చేయాలి.

కొమ్మలుగా చీలే కాలం ఇప్పుడు అందరికీ మోజు. 1957లో ఫిజిక్స్ శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ ప్రతిపాదించిన అనేక ప్రపంచాల ఆలోచన దీనికి సైన్స్ వైపు ఆధారం. మన అమ్మాయి 1908కి వెళ్ళి వరద ఆపేసిందనుకోండి. వరద రాని హైదరాబాద్ ఒకటి పక్కన పుడుతుంది. కానీ మన హైదరాబాద్‌లో నీళ్ళలో పోయినవాళ్ళు పోయినట్టే. చింతచెట్టు మీదివాళ్ళు అలా కొమ్మలు పట్టుకుని వణుకుతూనే ఉంటారు. ఆమె చేసిన త్యాగం ఎవరికి అందినట్టు? ఒక హీరో చచ్చిపోతే ఇంకో కొమ్మలోంచి ఇంకొకణ్ణి తెచ్చుకునే వీలుంటే పాఠకుడు ఎవరి కోసం బెంగపడాలి? ఏళ్ళ తరబడి నడిచే సీరియల్‌కూ, ఆడేవాళ్ళు తమ దారి తామే ఎంచుకునే గేమ్‌కూ కొమ్మలు మేలే. అక్కడ ప్రతి దారినీ చూడటమే సరదా.

ఒకే దారి ఉన్న కాలంలో అదే పని చేసి చూడండి. వరద ఆగితే విశ్వేశ్వరయ్యను పిలిచే అవసరం రాదు. గండిపేట చెరువు ఉండదు, హిమాయత్‌సాగర్ ఉండదు. ఆ రెండు జలాశయాల నీళ్ళు తాగి పెరిగిన నగరం వేరేలా పెరుగుతుంది. 2071లో మూసీ నీటి లెక్కలు చూసే ఆ అమ్మాయి ఉద్యోగమే ఉండదు, బహుశా ఆ అమ్మాయే ఉండదు. ఇప్పుడు ఆమె ముందున్నది నిజమైన చిక్కు. ఆపాలా, వద్దా? ఎంతమందిని కాపాడితే చరిత్ర తట్టుకుంటుంది? చెట్టు మీదికి ఇంకో పదిమందిని ఎక్కించగలదా? కథ ఇక్కడ తనంతట తాను నడుస్తుంది, రచయిత తోయనక్కర్లేదు.

చక్రంలా తిరిగే కాలం గురించి ఎక్కువ చెప్పను. బేతాళుడు భుజమెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, ఆ తిరుగుడు చిన్న కథల వరుసకు అద్భుతంగా కుదురుతుంది. మూడు కాలాల పెద్ద సాహసానికి ఊపిరాడనివ్వదు.

ముందుకు మాత్రమే ప్రయాణించడం ఇంకో చక్కని ఎంపిక, దీన్ని మనవాళ్ళు తక్కువగా వాడుతున్నారు. భాగవతంలో రైవతుడు కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్ళి, అక్కడ కాసేపు పాట విని వచ్చేసరికి భూమి మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. తర్వాత రేవతిని బలరాముడికిచ్చి పెళ్ళి చేస్తాడు. కాలం అందరికీ ఒకేలా నడవదన్నది ఇవాళ ఫిజిక్స్ కూడా ఒప్పుకునేదే. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు భూమ్మీది వాటికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తాయి. ఆ తేడాను సరిచేయకపోతే ఫోన్‌లోని మ్యాప్ తప్పు దారి చూపిస్తుంది. వెనక్కి వెళ్ళే పని మంత్రానికీ, ముందుకు వెళ్ళే పని యంత్రానికీ పంచితే ఎవరి హద్దు వాళ్ళకు స్పష్టంగా ఉంటుంది. గోల్కొండ కథలో మాత్రం కాలం దాటించే పని మంత్రానికే ఇచ్చాను, యంత్రానికి లెక్క మిగిల్చాను.

కాబట్టి నవల రాసేవాళ్ళకు నా ఓటు విడివిడి నియమాలకూ, ఒకే కాలానికీ. కామిక్‌కైతే యంత్రంలో మంత్రం, గేమ్‌కైతే కొమ్మలు తీసుకోండి, తప్పులేదు. ఏది తీసుకున్నా 1908 అధ్యాయం రాసేటప్పుడు ఒక్కటి పట్టించుకోండి. నిజాం హారతి వల్ల మూసీ శాంతించిందా లేదా అన్నది కథలో తేల్చకండి, ఒడ్డున నిలబడినవాళ్ళు ఏం నమ్మారో అది రాయండి. గండిపేట కట్ట ఎందుకు కట్టారు, తలుపులు ఎలా ఎత్తుతారు, ఎత్తితే నీళ్ళు ఎటు పోతాయి అన్నది మాత్రం అక్కడికి వెళ్ళి, కట్ట మీద నడిచి, అడిగి తెలుసుకుని, పొల్లుపోకుండా రాయండి.