హ్యాండ్‌మేడ్ లెదర్ హార్నెస్ అని 2,650 తీసుకుని అట్ట పంపారు, చిన్న కుక్కలున్నవాళ్లు ఒకసారి చదవండి

మొన్న పొద్దున ఆర్కే బీచ్ దగ్గర మా జున్ను ఆటో కింద పడబోయి బతికింది, ఇంకా ఆ వణుకు పోలేదు నాకు, అందుకే కూర్చుని రాస్తున్నా. కొంచెం పెద్దగానే వస్తుంది పోస్టు, కొనబోయేవాళ్లు మాత్రం పూర్తిగా చదవండి ప్లీజ్.

జున్ను అంటే మా పామ్, అదే పొమేరేనియన్ కుక్క. పేరుకు తగ్గట్టే తెల్లగా ఉంటుంది, 3 కిలోల 400 గ్రాములు. దీనికి మెడ బెల్ట్ వేసి లాగితే బాతు అరిచినట్టు ఒకలాంటి దగ్గు వచ్చేది, డాక్టర్ గారు చూసి పామ్, యార్కీ, చివావా లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోయే ప్రాబ్లం ఎక్కువ అని, ఇక మెడకి లీష్ తగిలించొద్దు, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి అన్నారు. నైలాన్‌ది వేస్తే చంకల దగ్గర జుట్టు ఉండలు కట్టేస్తోంది. సరే లెదర్‌ది అయితే నున్నగా ఉంటుంది కదా అని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టా, అంతే, రోజంతా అవే రీల్స్.

అలా దొరికిందే ఆ పేజీ. పేరు చెప్పట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి. రీల్స్ మాత్రం ఎంత బాగుంటాయో, చెక్క బల్ల, పసుపు లైటు, ఒకాయన రెండు సూదులతో ఒకే దారాన్ని అటూ ఇటూ దూర్చి కుడుతుంటాడు, వెనక వీణ మ్యూజిక్. 'ప్యూర్ లెదర్, హ్యాండ్ స్టిచ్డ్, సాలిడ్ బ్రాస్' అని రాసుంటుంది. మెడ ఎన్ని ఇంచులు, ఛాతీ ఎన్ని ఇంచులు అని కొలతలు కూడా అడిగారు, దాంతో నాకు నమ్మకం కుదిరిపోయింది. హార్నెస్, దానికి మ్యాచింగ్ కాలర్, జున్ను పేరు చెక్కిన చిన్న ప్లేటు, అన్నీ కలిపి 2,650. ఎవరిదో పర్సనల్ నంబర్‌కి యూపీఐ చేసేశా. బిల్లు అడగలేదు. అవును నా తప్పే, మా ఆయన ఇప్పటికే నాలుగుసార్లు చెప్పాడు, మీరు మళ్లీ చెప్పక్కర్లేదు.

పది రోజులన్నది 27 రోజులకి వచ్చింది. బాక్స్ మాత్రం పెళ్లి శుభలేఖలా ఉంది, లోపల గడ్డి పరిచి, సీల్ వేసి. తెరవగానే కొత్త చెప్పుల షాపులో వచ్చే వాసన గుప్పుమంది, తోలు వాసన కాదు, కెమికల్ వాసన. అయినా ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నా.

పట్టీలు ఇంచు వెడల్పు, చాలా మందం, జున్నుకి వేస్తే ఎద్దుకి కాడి వేసినట్టుంది. తర్వాత వంటింటి కాటా మీద పెట్టి చూస్తే హార్నెస్, కాలర్ రెండూ కలిపి 310 గ్రాములు. అంటే దాని ఒంటి బరువులో దగ్గర దగ్గర తొమ్మిది శాతం. 60 కిలోల మనిషి ఐదున్నర కిలోల బ్యాగు మెడకి తగిలించుకుని వాకింగ్‌కి వెళ్లినట్టు లెక్క. పాపం అందుకే నడవకుండా మధ్యలో కూర్చుండిపోయేది, నేనేమో బద్ధకం అని తిట్టా.

రెండో వారంలో వాన తుంపర్లో తడిసి ఇంటికొచ్చాం. హార్నెస్ విప్పి చూస్తే ఛాతీ మీద, చంకల కింద టీ పోసినట్టు గోధుమ రంగు. షాంపూ పెట్టి రెండుసార్లు స్నానం చేయించినా పోలేదు. మూడు రోజులకి చంకల్లో ఎర్రగా దద్దుర్లు, గోక్కోవడం. డాక్టర్ దగ్గరికి పరిగెత్తా, రాపిడికీ రంగుకీ ఇరిటేషన్ వచ్చి ఉంటుంది, అది తీసేయండి అని ఆయింట్‌మెంట్ రాశారు. పేజీ వాళ్లకి ఫొటోలు పెడితే ఏమన్నారో తెలుసా, "నేచురల్ లెదర్ కొంచెం కలర్ వదులుతుంది మేడమ్, అదే ఒరిజినల్ అనడానికి గుర్తు" అట! ఎంత ధైర్యంగా చెప్పారంటే ఒక నిమిషం పాటు నేనే కదా తెలియని దాన్ని అనిపించింది.

దద్దుర్లు తగ్గాక, డబ్బులు పెట్టాం కదా అని లోపల పాత కాటన్ గుడ్డ కుట్టి మళ్లీ వేశా. ఇది రెండో తప్పు. మొన్న పొద్దున ఆరున్నరకి బీచ్ రోడ్డు పక్క సందులో రెండు వీధి కుక్కలు మొరిగాయి, జున్ను భయపడి ఒక్క గుంజు గుంజింది, నా చేతిలో లీష్ ఖాళీగా ఊగుతోంది. ఇది రోడ్డు మధ్యలోకి ఉరికింది. ఆటో అతను బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది, రాగి జావ అమ్మే ఆవిడ బండి వదిలేసి వచ్చి దాన్ని ఎత్తుకుంది. ఆవిడ పేరు కూడా అడగలేదు ఆ కంగారులో, మర్నాడు వెళ్లి రెండు గ్లాసులు జావ తాగి దణ్ణం పెట్టొచ్చా.

ఇంటికొచ్చి చూస్తే పట్టీ తెగలేదు, బకిల్ ఊడలేదు. లీష్ తగిలించే డీ రింగ్ ఉంటుంది చూశారా, అది తెరుచుకుంది. అది కమ్మీ వంచి రెండు కొసలు దగ్గరికి తెచ్చి వదిలేసిన రింగు, అతుకు దగ్గర వెల్డింగ్ లేదు. ఆ అతుకుని పట్టీ కింద దాచి కుట్టడంతో ఇన్నాళ్లూ నాకు కనపడలేదు, రింగు తిరిగి తిరిగి అతుకు పైకొచ్చింది, ఒక్క గుంజుకి సందు తెరుచుకుని లీష్ హుక్కు జారిపోయింది. 3 కిలోల 400 గ్రాముల కుక్క గుంజుకే అది అలా అయిందంటే ఇంకేం చెప్పాలి.

దాన్ని పట్టుకుని పూర్ణా మార్కెట్ వైపు చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లా, మా నాన్న చెప్పులు ఎప్పట్నుంచో ఆయన దగ్గరే. "బాబాయ్, ఇది కొంచెం గట్టిగా కుట్టి ఇవ్వవా" అని ఇచ్చా. చేతిలోకి తీసుకుని వంచి చూసి, నవ్వి, "ఏటమ్మా ఇది, ఇది తోలని ఎవరన్నారు నీకు" అన్నాడు.

అక్కడే కత్తితో పట్టీ కొస కోసి చూపించాడు. పైన గోధుమ రంగు ప్లాస్టిక్ పొర, దాని మీద తోలు గీతల్లా అచ్చు గుద్దారు. లోపల పొడి పొడిగా రాలే సరుకు. తోలు ముక్కలు, తుక్కు పొడి చేసి జిగురుతో కలిపి షీట్లు కొడతారంట, బాండెడ్ లెదర్ అనేది ఇదే. "చెప్పు లోపల అట్ట కింద వేస్తాం తల్లీ దీన్ని, లాగే చోట ఎవడైనా పెడతాడా" అన్నాడు. అసలు తోలు కోస్తే అంచులో సన్నటి పీచు అల్లుకుపోయి కనిపిస్తుంది, వెనక పక్క రుద్దితే మెత్తగా నూగులా ఉంటుంది. దీనికి వెనకాల గుడ్డ అతికించి ఉంది. చిన్న ముక్క కాల్చి చూశాం, ప్లాస్టిక్ కాలిన వాసనా వచ్చింది, జుట్టు కాలిన వాసనా వచ్చింది. అందుకే ఈ కాల్చే టెస్ట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఇందులో తోలు పొడి కూడా ఉంటుంది కాబట్టి తికమక పెడుతుంది.

కుట్టు సంగతి ఇంకా బాగుంది. రీల్‌లో రెండు సూదుల కుట్టు, నాకొచ్చింది మిషన్ కుట్టు. ఈ రెండింటికీ తేడా ఏంటని అడిగితే బాబాయ్ నోటితో చెప్పలేదు, చేసి చూపించాడు. నా హార్నెస్ మీద ఒక్క కుట్టు కోసి దారం పట్టి లాగాడు, జర్రున జానెడు ఊడొచ్చింది. తర్వాత తన దగ్గరున్న తోలు ముక్కలకి ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒక్కో బెజ్జంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూర్చి కుట్టి, మధ్యలో ఒక కుట్టు కోసి ఇచ్చాడు, లాగమ్మా అని. నేను ఎంత లాగినా మిగతా కుట్లు కదల్లేదు. గుర్రాల జీన్లు, కళ్లేలు కుట్టేది ఈ కుట్టుతోనే. టైం పడుతుంది, చేతులు నొప్పులు పుడతాయి, అందుకే దానికి రేటెక్కువ. ఆ రేటు తీసుకుని మిషన్ కుట్టు పంపారు నాకు, అదీ నా కడుపుమంట.

'సాలిడ్ బ్రాస్' కథ కూడా వినండి. అయస్కాంతం పెడితే బకిల్‌కి అంటుకోలేదు, అంటే ఇత్తడే అని సంబరపడ్డా. బాబాయ్ ఆకురాయితో ఒక పక్క గీరితే లోపల బూడిద రంగు తేలింది, జింక్ కలిపి పోత పోసిన సరుకు, పైన పసుపు కోటింగ్. ఇత్తడికీ అయస్కాంతం అంటదు, జింక్‌కీ అంటదు. కాబట్టి అయస్కాంతం అంటితే ఇనుమని తెలుస్తుంది గానీ, అంటకపోతే ఇత్తడని కాదు. పైగా మన వైజాగ్ ఉప్పు గాలికి ఈ కోటింగులు ఎన్నాళ్లుంటాయి, నాకు నెల తిరక్కుండానే పొక్కులు లేచాయి. రివెట్లు కూడా ఒక పక్కే టోపీ ఉన్నవి, లోపలి పక్క మొన జున్ను ఒంటికి గుచ్చుకునేలా వదిలేశారు.

రంగు గురించి నాకు తెలిసిన మంచి విషయం ఒకటి చెప్తా. తోలు పదును చేయడంలో ముఖ్యంగా రెండు పద్ధతులు, ఒకటి క్రోమియం లవణాలతో, ఇంకోటి చెట్ల బెరళ్లు, కాయలతో. మన దక్షిణాదిలో పాతకాలం నుంచి వాడింది తంగేడు బెరడు, కరక్కాయలు. బతుకమ్మలో పేరుస్తామే, ఆ తంగేడే. దీన్నే ఇప్పుడు వెజ్ టాన్ అని ఎక్కువ రేటుకి అమ్ముతారు. మొదట్లో బిర్రుగా ఉండి వాడేకొద్దీ మెత్తబడుతుంది, రంగు వేయని పట్టీ మీద నీటి చుక్క వేస్తే పీల్చుకుని నల్లబడుతుంది. క్రోమ్‌ది మొదటినుంచీ మెత్తగా ఉంటుంది, నీళ్లకి ఓర్చుకుంటుంది, మన చెప్పులూ బ్యాగులూ ఎక్కువ శాతం అదే, అదేం విషం కాదు. ఏ తోలైనా రంగు సరిగా ఫిక్స్ చేయకపోతేనే వదులుతుంది. తెల్ల కుక్క ఉన్నవాళ్లు పార్సిల్ రాగానే తడి తెల్లగుడ్డతో రెండు పక్కలా పదిసార్లు గట్టిగా రుద్దండి, గుడ్డకి రంగు అంటితే ఆ పట్టీ మీ కుక్క ఒంటి మీద పెట్టకండి. నేను ఈ పని మొదటిరోజే చేసుంటే డాక్టర్ ఫీజైనా మిగిలేది.

నాలాగా ఆన్‌లైన్‌లోనే కొంటాం అంటారా, కొనండి, మంచిగా చేసేవాళ్లు నిజంగానే ఉన్నారు, కాన్పూర్ గుర్రపు జీన్ల పనికి జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది, మన దేశంలో ఈ పనితనానికి కొదవలేదు. డబ్బులు కొట్టేముందు మాత్రం పట్టీ వెనక పక్క, కోసిన అంచు, డీ రింగ్ అతుకు, ఈ మూడింటినీ పగటి వెలుగులో దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. చేతిపని చేసేవాడైతే ఆనందంగా పంపుతాడు, ఇంకా నాలుగు ఎక్స్‌ట్రా కూడా పంపుతాడు. 'ట్రస్ట్ మీ మేడమ్' అన్నాడంటే అక్కడే ఆపేయండి. ఐదు కిలోల లోపు కుక్కకి అర ఇంచు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం చాలు అని బాబాయ్ లెక్క, నాకూ అదే కరెక్ట్ అనిపించింది. వేశాక పట్టీ కింద ఒక వేలు హాయిగా దూరాలి, మరీ వదులైతే వెనక్కి నడిచి తల లాగేసుకుంటాయి ఈ చిన్నవి, భలే తెలివి.

ఇప్పుడు కంప్లైంట్ సంగతి. రింగు ఫొటో, కోసిన పట్టీ ఫొటో పెట్టి రీఫండ్ అడిగితే "కస్టమ్ ఆర్డర్, నో రిటర్న్" అన్నారు. నా కొలతలతో చేశారు సరే, నా కోసం స్పెషల్‌గా అట్ట పెట్టమని నేను చెప్పలేదు కదా! రెండో మెసేజ్‌కి బ్లాక్. 1915 కి ఫోన్ చేశా, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, వివరాలు తీసుకుని నంబర్ ఇచ్చారు. 2019 వినియోగదారుల చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోననడం, రెండూ అన్యాయపు వ్యాపార పద్ధతుల కిందే వస్తాయి. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, మనం ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్లో కూడా. 2,650 కోసం ఇంత అవసరమా అని మా అత్తయ్య అంటున్నారు. ఆటో బ్రేకు పడకపోయుంటే అని తల్చుకుంటే అవసరమే అనిపిస్తోంది నాకు. మీరు కూడా చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు, పార్సిల్ విప్పేటప్పటి వీడియో దాచిపెట్టుకోండి, వాళ్లు బ్లాక్ చేశాక పేజీ కూడా కనపడదు.

జున్నుకి బాబాయే కొత్తది కుట్టి పెట్టాడు. అసలు తోలు, రెండు సూదుల కుట్టు, వెల్డింగ్ ఉన్న స్టీలు రింగు, లోపల మెత్తటి మేక తోలు లైనింగ్. బరువు 110 గ్రాములు. 700 అడిగాడు, నేను వెయ్యి ఇస్తే మూడొందలు వెనక్కిచ్చి, నెల తర్వాత తోలు సాగుతుంది, అప్పుడు ఇంకో బెజ్జం పొడుస్తా రా అన్నాడు. బిల్లు ఆయనా ఇవ్వలేదనుకోండి.

ఆ పేజీని నిన్న మా చెల్లి ఫోన్‌లోంచి చూశా. కొత్త రీల్ పెట్టారు, అదే చెక్క బల్ల, అదే రెండు సూదుల ఆయన, ఈసారి షిట్జూ కుక్కకి. కింద వరసపెట్టి 'ప్రైస్ ప్లీజ్' అని అడుగుతున్నారు. చెల్లి పేరుతో రింగు ఫొటో పెట్టా, అరగంటలో తీసేశారు.