విమానం స్మోక్ డిటెక్టర్ల టెస్టింగ్‌కి స్మోక్ మెషీన్: చాన్నాళ్లు వాడాక చెప్తున్నా

శంషాబాద్ హ్యాంగర్లలో పని చేసేవాళ్లకి, కొత్తగా స్మోక్ మెషీన్ కొందామనుకునే విమానాల రిపేర్ షాపులకి పనికొస్తుందని రాస్తున్నా. మేం వాడేది చేత్తో పట్టుకునే టైపు, గ్లైకాల్‌లో నీళ్లు కలిపిన ఫ్లూయిడ్ లోపల హీటర్ మీద ఆవిరై బయటికొచ్చి తెల్ల పొగలా మారుతుంది. కొన్నేళ్లుగా ఎయిర్‌బస్ ఏ320 ఫ్యామిలీ విమానాల కార్గో బేల్లో (సామాన్లు పెట్టే అరల్లో), లావెటరీల్లో (టాయిలెట్లలో) దీంతోనే చేస్తున్నాం. మంచి మెషీన్. కాకపోతే కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే, పొగ ఎంత వస్తది అని. నన్నడిగితే ఎంత తక్కువ పొగ ఎంత నిలకడగా ఇస్తదో చూడాలి.

ఎందుకంటే బే మొత్తం తెల్లగా అయ్యేదాకా కొడితే సగం పాడైన డిటెక్టర్ కూడా అలారం ఇచ్చేస్తది, అప్పుడు మనం ఏం చెక్ చేసినట్టు? ఇప్పటి డిటెక్టర్లలో ఎక్కువ ఆప్టికల్‌వే, లోపల చీకటి ఛాంబర్‌లో ఒక ఎల్ఈడీ, పక్కకి ఒక సెన్సర్, పొగ లోపలికొస్తే వెలుగు చెదిరి సెన్సర్ మీద పడుతుంది. మెషీన్ పొగ అంటే సన్నటి తెల్ల తుంపరలు, అవి వెలుగుని బాగా చెదరగొడతాయి. నిజం మంటలో వచ్చే నల్ల మసి చాలావరకు వెలుగుని మింగేస్తది. అంటే మనం పెట్టే పరీక్షే ఈజీ, దాంట్లో పొగ కూడా ఎక్కువ కొడితే ఇంక అది పరీక్షే కాదు.

మా మెషీన్‌లో నాకు బాగా నచ్చింది కంట్రోల్ నాబ్. తగ్గించి పెడితే సన్నగా ఆగకుండా వస్తది, కొన్ని మెషీన్లలా గుప్పుమని వచ్చి ఆగిపోయి మళ్లీ గుప్పుమనదు. ఏ320 కార్గోలో డిటెక్టర్లు జతలుగా ఉంటాయి కదా, రెండూ పొగ చూస్తేనే, లేదా ఒకటి ఫెయిలై ఉండి రెండోది చూస్తేనే కాక్‌పిట్‌లో వార్నింగ్ వస్తది. కాబట్టి పొగ రెండింటికీ సమానంగా అందాలి. ఒకదాని మీదే కొట్టి వార్నింగ్ రాలేదని వైరింగ్ వెతుక్కుంటూ కూర్చున్నవాళ్లని చూశా.

నచ్చనిది ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో హ్యాంగర్ లోపల గాలి వేడిగా పొడిగా ఉంటది, గ్లైకాల్ పొగ దూరం డిటెక్టర్ దాకా పోకముందే పల్చబడిపోతది, వానాకాలంలో అదే సెట్టింగ్‌కి చాలాసేపు నిలబడ్తది. అందుకే నాజిల్‌కి గొట్టం తగిలించుకుని డిటెక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తది. పారాఫిన్ ఆయిల్ మెషీన్ పొగ ఇలా తొందరగా మాయం కాదు, పెద్ద బేలో గాలి ఎటు పోతుందో చూడ్డానికి అదే బెటర్, కానీ ఛాంబర్‌లో సన్నటి నూనె పొర వదిలే ఛాన్స్ ఉంది, దానికి దుమ్ము పట్టిందంటే తర్వాత లేని పొగకి అలారం. స్ప్రే క్యాన్ ఒక్క లావెటరీకైతే చాలు, అయితే మరీ దగ్గర నుంచి కొడితే ఛాంబర్ తడిసిపోతది. ఏది వాడినా ఆ విమానం మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఒప్పుకున్నదే వాడాలి, ఇందులో బేరాల్లేవు.

ఇంకోటి, నిజం పొగ వేడిగా ఉండి సీలింగ్‌కి ఎక్కుతది, మెషీన్ పొగ చల్లబడి కిందికి దిగుతది. అందుకే విమానం డిజైన్‌కి అనుమతి ఇచ్చే ముందు చేసే సర్టిఫికేషన్ టెస్టులకి పొగని వేడిచేసి పైకి పంపే చిమ్నీ ఉన్న పెద్ద జనరేటర్లు ఉన్నాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 25.858 రూల్ ప్రకారం కార్గోలో మంట మొదలైన ఒక్క నిమిషంలో పైలట్లకి తెలియాలి. మనం హ్యాంగర్లో చేసేది ఆ టెస్ట్ కాదు, డిటెక్టర్ చూస్తోందా, వార్నింగ్ కాక్‌పిట్ దాకా వస్తోందా అనేదే. ఈ తేడా కొత్త పిల్లలకి ఎవరూ చెప్పరు, చెప్పాలి.

ఇంత పట్టింపెందుకు అనేవాళ్లకి రెండు సంగతులు. 1980లో రియాద్‌లో సౌదియా 163కి వెనక కార్గోలో పొగ వార్నింగ్ వచ్చింది, అది నిజమా కాదా తేల్చుకోడానికే క్రూకి దాదాపు నాలుగు నిమిషాలు పట్టింది, విమానం వెనక్కొచ్చి దిగింది కూడా, అయినా ఉన్న 301 మందిలో ఒక్కరూ బతకలేదు. 1996లో వాల్యూజెట్ 592లో మంట పుట్టిన కార్గోలో అసలు డిటెక్టరే లేదు, 110 మంది పోయారు, ఆ తర్వాతే అమెరికాలో అలాంటి కార్గోలన్నిటికీ డిటెక్టర్లు పెట్టాలని 1998లో రూల్ వచ్చింది. నిజం పొగకి మోగకపోయినా ప్రమాదమే, ఊరికే మోగి పైలట్‌కి నమ్మకం పోయినా ప్రమాదమే.

కొనేవాళ్లు ఫ్లూయిడ్ మాత్రం కంపెనీదే తీసుకోండి, ఫంక్షన్ హాళ్లలో డీజేలు వాడే ఫాగ్ లిక్విడ్ చవకగా వస్తది కదా అని పోయొద్దు, అందులో ఏం కలుపుతారో మనకి తెలీదు, డిటెక్టర్ లోపలికి పోయేది అదే. పని అయ్యాక హీటర్ చల్లారేదాకా నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఫ్లూయిడ్ కారుతుంది. ఇంక మొదలుపెట్టే ముందు హ్యాంగర్ ఫైర్ వాళ్లకి చెప్పి, బేలో ఇంకెవరూ లేరని చూసుకుని, అప్పుడు స్విచ్ వేయండి అన్నా.