రేడియో గార్డెన్: గ్లోబు తిప్పితే కొత్త పాట

ఇల్లు కదలలేని పరిస్థితిలో కొత్త పాటలు ఎక్కడ దొరుకుతాయని ఎవరైనా అడిగితే, ఈ మధ్య నేను ఒకటే పేరు చెబుతున్నాను. రేడియో గార్డెన్. వెబ్‌సైట్ ఉంది, ఫోన్‌కి యాప్ కూడా ఉంది. తెరవగానే ఉపగ్రహ చిత్రాలతో చేసిన భూగోళం, దాని మీద ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. వేలితో గ్లోబు తిప్పి ఏదో ఒక చుక్కని మధ్యలో ఉన్న వృత్తంలోకి తెస్తే చాలు, అక్కడి రేడియోలో ఆ నిమిషాన వస్తున్న పాటే మన చెవిలో మోగుతుంది. అకౌంట్ తెరవక్కర్లేదు. మీకు ఎలాంటి పాటలిష్టం అని ఎవరూ అడగరు. 2016 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ఈ సేవ నా దాకా రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

కాలు విరిగి, అడుగు కింద పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక నాకు మిగిలిన తోడు పాటలే. మొదట్లో ఫోన్‌లో ఎప్పుడూ ఉండే పాటల యాప్‌నే నమ్ముకున్నాను. అది కొత్తవంటూ ఏది వినిపించినా, పాతవాటి చుట్టాల్లాగే ఉండేవి. అందులో వింతేమీ లేదు. మనం విన్న పాటలు, మనలాంటి అభిరుచి ఉన్నవాళ్లు విన్న పాటలు కలిపి లెక్కగట్టి తర్వాతి పాటని ఎంచే పద్ధతి అది. మనం ఎప్పుడూ అడుగుపెట్టని చోటికి తీసుకెళ్లడం దానికి కష్టం. రేడియోలో అలా కాదు. అక్కడెవరో తమ ఊరివాళ్ల కోసం పాట ఎంచుతారు. అసలు మనం వింటున్నామని కూడా వాళ్లకి తెలియదు. నన్ను కట్టిపడేసింది ఇదే.

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా దగ్గర ఆగిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ముందు ఒక తీగ వాయిద్యం మొదలైంది. దాన్ని మసెంకో అంటారని తర్వాత తెలిసింది. దానికి ఒక్కటే తీగ, కమానుతో వాయిస్తారు. ఒక్క తీగ మీద అంత ఏడుపు, అంత తీపి ఎలా పలుకుతాయో! గొంతు అందుకున్నాక మరీ ఆశ్చర్యమేసింది, ఆ స్వరాలు నాకు తెలిసినవే. ఇథియోపియా సంగీతంలో తిజిత అనే స్వరక్రమం ఉంది. అందులో ఒక రకం సరిగ్గా మన మోహన రాగంలోని ఐదు స్వరాలే: స రి గ ప ద. కానీ నడక పూర్తిగా వేరు. మనవాళ్లు నిలబడే చోట వాళ్లు నిలబడరు. స్వరం చివర గొంతుని సన్నగా వణికించి వదిలేస్తారు. తాళం కూడా కాస్త ఊగుతూ, తూలుతూ సాగుతుంది. తెలిసిన స్వరాల్లో తెలియని పాట వినడం ఎంత బాగుంటుందో రాసి చెప్పలేను, విని చూడాల్సిందే. అక్కణ్ణించి ములాటు అస్టాట్కే అనే సంగీతకారుడి దాకా వెళ్లాను. ఆయన 1943లో పుట్టారు. లండన్‌లోనూ బోస్టన్‌లోనూ సంగీతం చదువుకుని, ఇథియోపియా స్వరాలని జాజ్‌తో కలిపి కొత్త బాణీ కట్టారు. లోహపు పలకల మీద కర్రలతో కొట్టి వాయించే ఆయన వైబ్రఫోన్ మోత వింటుంటే గదిలో గాలి మారినట్టే ఉంటుంది.

మిగతా చుక్కల్లో మాలి రాజధాని బమాకో నాకు ఇష్టం. కోరా మోగిందంటే చేతిలో పని ఆగిపోతుంది. పెద్ద సొరకాయ బుర్రని సగానికి కోసి, తోలు బిగించి, 21 తీగలు కట్టిన వాయిద్యం అది. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతోనే మీటుతారు. వాయించేది ఒక్కరేనంటే నమ్మబుద్ధి కాదు. ఆఫ్రికాకి పడమరన ఉన్న కేప్ వెర్డ్ దీవుల వైపు తిప్పితే మోర్నా పాటలు తగలొచ్చు. నెమ్మదిగా, కొంచెం దిగులుగా ఉంటాయి, మధ్యాహ్నం వేళకి బాగా నప్పుతాయి. అక్కడి గాయని సెజారియా ఎవోరా గొంతు విన్నవాళ్లకి ఆ దిగులేమిటో తెలిసే ఉంటుంది. లిస్బన్‌లో రేడియో అమాలియా అనే స్టేషన్‌లో పోర్చుగల్ సంప్రదాయ గీతాలైన ఫాదో పాటలే వేస్తారు.

ఒక్క స్టేషనే చెప్పమంటే మాత్రం పారిస్‌లోని ఫిప్ అంటాను. ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో కుటుంబానికి చెందింది, 1971 నుంచి నడుస్తోంది. ప్రకటనల గోల ఉండదు, మాటలు కూడా తక్కువ. జాజ్ తర్వాత బ్రెజిల్ పాట, దాని వెనకే పియానో కచేరీ ముక్క, ఆ వెంటనే హిప్‌హాప్ వస్తుంది. వినేటప్పుడు ఒకదానికొకటి అతుకు తెలియదు. పాటలు పేర్చేవాళ్ల చెవి ఎంత పదునుగా ఉంటే ఇది సాధ్యమవుతుందో!

ఇక ఇబ్బందులు. పెద్దది పాట పేరు తెలియకపోవడం. తెర మీద ఊరి పేరు, స్టేషన్ పేరు ఉంటాయి గానీ పాట, గాయకుల వివరాలు ఉండవు. షాజమ్ లాంటి యాప్ పక్కన పెట్టుకోవాలి. స్థానికంగా రికార్డు చేసిన పాటలైతే అదీ చాలాసార్లు చేతులెత్తేస్తుంది, అప్పుడు స్టేషన్ పేరు, టైమ్ రాసి పెట్టుకోవడమే. ప్రసారం స్టేషన్ల సొంత లింకుల నుంచి వస్తుంది కాబట్టి, వాళ్ల వైపు ఆగితే ఇక్కడా ఆగుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. కాపీరైట్ లైసెన్సుల కారణంగా 2022 నుంచి వాళ్లకి విదేశీ స్టేషన్లు రావడం లేదు.

పాట దాటించే బటన్ లేదని కొందరు విసుక్కోవచ్చు. నాకు మాత్రం అది లేకపోవడమే మేలనిపించింది. మొదటి అరనిమిషంలో నచ్చని పాటలు చివరికొచ్చేసరికి నావైపోయాయి. చేతిలో బటన్ ఉండుంటే వాటిని కచ్చితంగా దాటేసేదాన్ని.

మీరు మొదలుపెడితే రాజధానులతో ఆగిపోకండి. గ్లోబుని దగ్గరికి జూమ్ చేసి, సముద్రం మధ్యలో, ఎడారి అంచున ఒంటరిగా ఉన్న చుక్కలు చూడండి. పెద్ద నగరాల్లో చాలా స్టేషన్లు ప్రపంచమంతా తెలిసిన హిట్లే వేస్తుంటాయి, ఊరి సొంత పాటలు ఎక్కువగా చిన్న చుక్కల్లోనే తగిలాయి నాకు. వార్తలు గానీ మాటలు గానీ వస్తుంటే వెంటనే వదిలేయకుండా కాస్త ఆగండి. ఆ ఊళ్లో అప్పుడు టైమెంతో కూడా చూసుకోండి. అర్ధరాత్రి దాటాక చాలాచోట్ల మాటలు తగ్గి పాటలే నడుస్తుంటాయి. నచ్చిన స్టేషన్‌ని ఫేవరెట్స్‌లో వేసుకోవడం మాత్రం మర్చిపోకండి, అన్ని వేల చుక్కల్లో దాన్ని మళ్లీ వెతకడం కష్టం.